రైఫిల్ గురి: కోచ్ ముందు, ఒంటరి సాధన తర్వాత

రైఫిల్ షూటింగ్ సొంతంగా నేర్చుకోవచ్చా, కోచ్ దగ్గరికి వెళ్లాల్సిందేనా అన్న చర్చ ఎక్కడ మొదలైనా మనుషులు రెండు జట్లుగా విడిపోతారు. కోచ్ లేకుండా మొదలుపెట్టినవాడు తప్పుల్నే సాధన చేస్తాడని ఒక జట్టు అంటుంది. వేల పెల్లెట్లు (గాలి తుపాకీలో వాడే చిన్న సీసపు గుండ్లు) కాల్చితే శరీరమే దారి కనుక్కుంటుందని రెండో జట్టు అంటుంది. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది, కాకపోతే ఏ సగం ఎప్పుడు నిజమో ఇద్దరూ చెప్పరు. చాలామంది చేసేది ఇదీ: ఏడాది పాటు వీడియోలు చూస్తూ ఒంటరిగా కాలుస్తారు, స్కోరు ఒకచోట ఆగిపోయాక కోచ్‌ని వెతుక్కుంటారు. ఈ వరుస పూర్తిగా తలకిందులు. మొదటి పది పన్నెండు గంటలు ఇంకొకరి కళ్ల ముందు గడవాలి. ఆ తర్వాత నెలల తరబడి ఒంటరిగా చేసుకోవచ్చు. నిజానికి అప్పుడు ఒంటరిగా చేస్తేనే మేలు.

ఎందుకంటే, టార్గెట్ మీద రంధ్రం పెల్లెట్ ఎక్కడ పడిందో చెబుతుంది గానీ ఎందుకు పడిందో చెప్పదు. కొత్తవాడికి కనిపించేది ఆ రంధ్రం ఒక్కటే.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌నే తీసుకోండి. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. టార్గెట్ నడుమ ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. అక్కడి నుంచి ఒక్కో వలయం వెడల్పు 2.5 మి.మీ. ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద దశాంశాల్లో లెక్కిస్తారు కాబట్టి 0.25 మి.మీ. జరిగితే 0.1 పాయింట్ పోతుంది. గురి చూసేందుకు బారెల్ మీద ఉండే రెండు సైట్లలో ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య 80 సెం.మీ. దూరం ఉందనుకుంటే, వాటి వరుసలో 0.2 మి.మీ. తేడా వచ్చినా పెల్లెట్ ఒక పూర్తి వలయం పక్కకి పడుతుంది. ఇంత చిన్న తేడాల ఆటలో "కుడివైపు తొమ్మిది" అన్న ఒక్క ఫలితానికి ఎన్ని కారణాలుండొచ్చో చూడండి. పాదాల దిశ కుడికి ఉండొచ్చు. రైఫిల్ కుడికి ఒరిగి ఉండొచ్చు. చెంప స్టాక్ (రైఫిల్ వెనక భాగం) మీద మునుపటికంటే గట్టిగా ఆనించి ఉండొచ్చు. చూపుడు వేలు ట్రిగ్గర్‌ని సూటిగా వెనక్కి లాగకుండా పక్కకి నెట్టి ఉండొచ్చు. గుండు వెళ్లకముందే భుజం కదిలి ఉండొచ్చు. లేదా నిజంగానే సైట్ తప్పుగా ఉండొచ్చు. ఒంటరిగా ఉన్నవాడికి వీటిలో చేతికి అందేది ఆఖరిది ఒక్కటే, ఎందుకంటే తిప్పడానికి అక్కడ ఒక మర ఉంది. కాబట్టి దాన్నే తిప్పుతాడు.

ఒరుగుడు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తనంతట తాను పట్టుకోలేని తప్పుకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళుతుంది. 10 మీటర్లు చేరడానికి 0.06 సెకను పడుతుంది. ఆ కాస్త సమయంలోనే అది దాదాపు 17 మి.మీ. కిందికి పడుతుంది. ఆ పడే దూరానికి సరిపోయేలా బారెల్ కొంచెం పైకి చూసేట్టు సైట్ సర్ది ఉంటుంది. ఇప్పుడు రైఫిల్ కుడికి 5 డిగ్రీలు ఒరిగిందనుకోండి. పైకి ఇచ్చిన ఆ సర్దుబాటు కూడా దానితోపాటే ఒరుగుతుంది, గుండు 1.5 మి.మీ. కుడికి పడుతుంది. నిలువుగా వచ్చే తేడా 0.1 మి.మీ. కూడా ఉండదు. అంటే సైట్‌లో చిత్రం చక్కగా కనిపిస్తూనే 0.6 పాయింట్లు పోయాయి. షూటర్ సైట్‌ని ఎడమకి తిప్పి సరిచేశాననుకుంటాడు. మర్నాడు షూటింగ్ జాకెట్ గుండీలు ఇంకోలా బిగుస్తాయి, రైఫిల్ 2 డిగ్రీలే ఒరుగుతుంది, గుండ్లు ఎడమకి పడతాయి. మళ్లీ సైట్. నిజానికి ఒరగడం తప్పేమీ కాదు. తల నిటారుగా ఉండేందుకు చాలామంది మంచి షూటర్లు రైఫిల్‌ని కావాలనే కాస్త ముఖం వైపు ఒరిగిస్తారు. ప్రతిసారీ అంతే ఒరగాలి, అదొక్కటే షరతు. ఎదురుగానో వెనకగానో నిలబడ్డ మనిషికి ఈ తేడా రెండు నిమిషాల్లో కనిపిస్తుంది. కాల్చేవాడికి మాత్రం ఒరిగిన రైఫిలే నిటారుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

సైట్ తిప్పడం ఎందుకు హానికరమో లెక్కతో కూడా చూపించొచ్చు. సైట్ సరిగ్గానే ఉండి, గుండ్లు సహజమైన చెదురుతో పడుతున్నాయనుకోండి. ప్రతి గుండు తర్వాత అది ఎంత తప్పిందో అంతే వెనక్కి తిప్పేవాడి గ్రూప్ (గుండ్లు పడిన గుంపు) చిన్నది కాకపోగా చెదురు దాదాపు 1.41 రెట్లవుతుంది. నాణ్యతా నియంత్రణ పండితుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ గరాటు, గోళీ ప్రయోగంతో చూపించింది సరిగ్గా ఇదే. ఏమీ ముట్టుకోకుండా ఊరుకున్నవాడు బుద్ధిగా సవరించుకుంటూ పోయినవాడికంటే బాగా కాలుస్తాడు! ఒంటరి షూటర్ల ఏడాది కష్టంలో పెద్ద భాగం ఈ మర తిప్పుడులోనే పోతుంది.

దీనికి తోడు మూడు గుండ్ల గ్రూప్ చూసి నిర్ణయాలు తీసుకునే అలవాటు ఒకటి. మూడు గుండ్ల సగటు బిందువు అసలు కేంద్రం నుంచి తప్పే దూరం పది గుండ్ల సగటుతో పోలిస్తే మామూలుగా దాదాపు రెండింతలు. గ్రూప్ సైజు కూడా అంతే: అదే షూటర్, అదే రైఫిల్, పది గుండ్ల గ్రూప్ సగటున మూడు గుండ్ల గ్రూప్‌కి 1.6 రెట్లు వెడల్పుగా వస్తుంది. "ఈ పెల్లెట్ నా రైఫిల్‌కి బాగా కుదిరింది" అంటూ మూడు గుండ్ల ఫోటో పెట్టేవాళ్ల మాట నమ్మకండి. సైట్ ముట్టుకునే ముందు కనీసం పది గుండ్లు, రెండు పెల్లెట్లని పోల్చాలంటే ఒక్కోదానికి ఇరవైకి పైగా కావాలి.

ఇంకొకరి కళ్లు తప్పనిసరి అయ్యే రెండో చోటు నిలబడే తీరు. ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోల వరకు ఉండొచ్చని నిబంధన. అంత బరువుని కండరాలతో మోస్తే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. ఎముకల మీద మోయాలి: కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ మోచేయి తుంటి ఎముక మీదో దాని పైని పక్కటెముకల మీదో ఆనుతుంది, తుంటి కాస్త టార్గెట్ వైపు జరుగుతుంది, నడుము పైభాగం కొంచెం వెనక్కి వంగి ఎడమకి తిరుగుతుంది, బరువు రెండు పాదాల మీద సమానంగా పడుతుంది. ముఖాన్ని రైఫిల్ దగ్గరికి వంచకూడదు, రైఫిల్ ముఖం దగ్గరికి రావాలి. దీని కోసమే భుజానికి ఆనే బట్ ప్లేట్‌ని పైకీ కిందకీ, చెంప ఆనే పీస్‌ని ఎత్తుకీ పక్కకీ జరుపుకునే వీలుంటుంది. చదివితే తేలిగ్గానే ఉంది. కానీ నడుము ఎంత వంగింది, ఎంత తిరిగింది అన్నది లోపలి నుంచి తెలియదు. చేయి పొట్టిగా, మొండెం పొడుగ్గా ఉన్నవాడికి మోచేయి తుంటిని చేరదు. పిడికిలి మీదో వేళ్ల మీదో రైఫిల్‌ని ఎత్తుకోవాలి, లేదా చేతికీ రైఫిల్‌కీ మధ్య ఎత్తు పెంచే రైజర్ బ్లాక్ పెట్టుకోవాలి. వీడియోలో మనిషి ఒడ్డూపొడుగూ మీది కాదు. తప్పు వంపుతో ఆరు నెలలు నిలబడితే పోయేది స్కోరు ఒక్కటే కాదు, నడుము కింది భాగం కూడా దెబ్బతింటుంది. ఎదిగే వయసు పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

భద్రత గురించి వాదనే లేదు. నింపినా నింపకపోయినా బారెల్ ఎప్పుడూ కాల్పుల దిశలోనే ఉండాలి. గురి కుదిరేవరకు వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటే. టార్గెట్ వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. కింద పెట్టేటప్పుడు బోల్ట్ తెరిచి, చాంబర్ (గుండు కూర్చునే చోటు) ఖాళీ అని చూసి, ఆ సంగతి అందరికీ కనిపించేలా భద్రతా జెండా దూర్చి పెట్టాలి. ఇవి చదివి తెలుసుకోవచ్చు, కానీ అలవాటయ్యేది ఎవరో పక్కన నిలబడి ప్రతిసారీ ఆపినప్పుడే. రేంజ్, లైసెన్సు, నిల్వ విషయాల్లో మీరున్న చోటి చట్టం ఏం చెబుతుందో ముందే తెలుసుకోవాల్సిన బాధ్యత ఎలాగూ మీదే.

ఇంతవరకు చదివి నేను కోచ్‌ల పక్షం అనుకోకండి. శిక్షణ పేరుతో జరిగేదాంట్లో చాలా భాగం దండగ. పదిహేను మందిని వరుసగా నిలబెట్టి "ఊపిరి బిగపట్టు, మెల్లగా నొక్కు" అని కేకలేయడం బోధన కాదు. అందరికీ ఒకే నిలుచునే తీరు రుద్దేవాళ్లున్నారు. విద్యార్థి సైట్‌ని తామే తిప్పేసి, రెండు పదులు పడగానే భుజం తట్టి వెళ్లిపోయేవాళ్లున్నారు. గుండు ఏ వైపు పడితే ఏ తప్పో చూపించే గుండ్రటి పట్టిక గోడకి అంటించి రైఫిల్ షూటర్లకి పాఠం చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఆ పట్టిక ఒంటిచేత్తో పట్టే పిస్టల్ కోసం, అదీ కుడిచేతి వాళ్ల కోసం తయారైంది; భుజానికి ఆనించే రైఫిల్‌తో దానికి సంబంధం లేదు.

మంచి కోచ్‌ని గుర్తుపట్టడానికి మొదటి గంట చాలు. అతను టార్గెట్ వైపు చూడడు, మీ వైపు చూస్తాడు: పాదాలు, మోకాళ్లు, మెడ, చూపుడు వేలు. మొదట ఖాళీ రైఫిల్‌తోనే పని చేయిస్తాడు. మీ రెండు కళ్లలో ఏది ప్రధానమో పరీక్షిస్తాడు. చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న కంత చేసి, దూరంగా ఉన్న వస్తువుని రెండు కళ్లతో చూడమంటాడు. తర్వాత ఒక్కో కన్ను మూయిస్తాడు, ఏది తెరిచినప్పుడు వస్తువు కంతలోనే ఉంటుందో అదే ప్రధాన కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను అయితే ఏం చేయాలో మొదటి రోజే తేల్చుకోవాలి, వెయ్యి గుండ్ల తర్వాత కాదు. ముఖ్యంగా, ప్రతి గుండు తర్వాత స్క్రీన్ చూడనివ్వకుండా "ఎక్కడ పడిందో చెప్పు" అంటాడు. ట్రిగ్గర్ తెగిన (అంటే గుండు వదిలిన) క్షణంలో సైట్ ఎక్కడుందో గుర్తుపట్టి, పడిన చోటుని ముందే చెప్పగలగడం ఈ విద్యకి పునాది. చెప్పిన చోటికీ పడిన చోటికీ తేడా తగ్గుతూ వస్తే, ఆ షూటర్ ఇక తనంతట తాను నేర్చుకోగలడు.

.22 రైఫిల్‌తో (మందుగుండుతో చిన్న తూటా పేల్చేది) అయితే మరో పరీక్ష ఉంది, దీనికీ రెండో మనిషి కావాలి. మ్యాగజైన్‌లో ఎక్కడో ఒక ఉత్తుత్తి గుండు మీకు తెలియకుండా అతను కలుపుతాడు. ఆ వంతు వచ్చి "టిక్" అన్నప్పుడు బారెల్ ముక్కు కిందికి దిగిందా, మీరు శబ్దానికి భయపడి ముందే బిగుసుకుంటున్నారన్నమాట. నిజం గుండు పేలేటప్పుడు ఆ కదలిక రికాయిల్‌లో, అంటే రైఫిల్ వెనక్కి తన్నే ఊపులో, కలిసిపోతుంది, ఎవరికీ కనిపించదు.

ఈ పునాది పడ్డాక కోచ్ రోజూ పక్కన ఉండటం వల్ల నష్టమే ఎక్కువ. ప్రతి గుండుకీ ఎవరో ఒక మాట అంటూ ఉంటే షూటర్ తన చేతిని వినడం మానేసి ఆ మాట కోసం ఎదురుచూస్తాడు. పోటీలో 60 గుండ్లకి 75 నిమిషాలు, ఆ 75 నిమిషాల్లో చాలావరకు మీరూ మీ రైఫిలూ మాత్రమే. అందుకే ఒంటరి సాధన.

ఒంటరి సాధనలో మొదటిది సహజ గురి చూసుకోవడం. నిలబడి రైఫిల్ ఎత్తండి, సైట్ కుదరనివ్వండి. కళ్లు మూసి రెండు మూడుసార్లు ఊపిరి తీసి వదిలి, భుజాలు వదులు చేయండి. కళ్లు తెరిచినప్పుడు సైట్ ఎక్కడుందో అదే మీ శరీరం సహజంగా చూపే చోటు. అది కుడికో ఎడమకో ఉంటే చేత్తో లాగకండి, వెనక పాదాన్ని సెంటీమీటరో రెండో జరపండి. పైకో కిందకో ఉంటే ముందు చేతి స్థానమో బట్ ప్లేట్ ఎత్తో మార్చండి. మళ్లీ కళ్లు మూయండి. చేత్తో లాగి కుదిర్చిన గురి ట్రిగ్గర్ తెగిన క్షణంలో తన సొంత చోటికి వెళ్లిపోతుంది, గుండు కూడా అటే పోతుంది. ప్రతి పది గుండ్లకీ, రైఫిల్ కింద పెట్టి మళ్లీ ఎత్తిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి. ఒకే సెషన్‌లో గ్రూప్ నెమ్మదిగా ఒక వైపు జరుగుతూ ఉంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

రెండోది డ్రై ఫైర్. గుండు లేకుండా అదే పని మొత్తం చేయడం. వారంలో కాల్చే ప్రతి గుండుకీ రెండు మూడు డ్రై ఫైర్లు ఉన్నా ఎక్కువేం కాదు. ఇక్కడ రైఫిల్‌ని బట్టి జాగ్రత్త మారుతుంది. గాలి సిలిండర్ ఉన్న మ్యాచ్ ఎయిర్ రైఫిళ్లలో డ్రై ఫైర్ కోసమే ఒక మీట ఉంటుంది, ట్రిగ్గర్ తెగుతుంది కానీ గాలి వదలదు. స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ గన్‌ని పెల్లెట్ లేకుండా కాల్చకూడదు. ముందు అడ్డు లేక గాలి జారిపోతుంది, పిస్టన్ సిలిండర్ చివర నేరుగా గుద్దుకుని సీల్ పాడవుతుంది. .22 రిమ్‌ఫైర్‌లో (తూటా అంచుని కొట్టి పేల్చే రకం) ఫైరింగ్ పిన్ చాంబర్ అంచుని కొట్టే ప్రమాదం ఉంది, అందుకని ఉత్తుత్తి గుండు పెట్టుకోవాలి. ఏ రైఫిల్‌తోనైనా గదిలో అసలు గుండ్లు ఉండకూడదు.

డ్రై ఫైర్‌ని వట్టి తెల్ల కాగితం ఎదుట చేయండి. నల్ల వలయం ఉంటే కన్ను అటు పరుగెడుతుంది, వేలు తొందరపడుతుంది. ఏమీ లేనప్పుడు ట్రిగ్గర్ తెగేటప్పుడు ముందు సైట్ చలించిందో లేదో స్పష్టంగా కనిపిస్తుంది. క్రమం ఇలా: రైఫిల్ టార్గెట్ కంటే పైన మొదలై ఊపిరి వదులుతుండగా కిందికి దిగుతుంది, దిగుతూనే ట్రిగ్గర్ మొదటి దశ (తెగే ముందు వదులుగా వెనక్కి వచ్చే భాగం) తీసేయాలి, ఊపిరి సహజంగా ఆగే చోట ఆగాలి, గురి కుదిరిన మూడు నుంచి ఎనిమిది సెకన్ల లోపు తెగాలి, తెగాక మరో రెండు సెకన్లు ఏమీ మారకూడదు. పది సెకన్లు దాటితే దింపేయండి. ఆక్సిజన్ తగ్గి చూపు మసకబారుతుంది, కన్ను పాత చిత్రాన్నే చూపిస్తూ ఉంటుంది, మీరు లేని గురిని ఉందనుకుని కాలుస్తారు. దింపడం నేర్చుకోవడానికి కాల్చడం నేర్చుకున్నంత కాలం పడుతుంది. ముందు సైట్‌లోని రింగ్ (నల్ల వలయాన్ని నడుమ ఉంచి చూసే చక్రం) మరీ చిన్నది పెట్టుకున్నవాళ్లకి దింపకుండా సాగదీసే ఈ జబ్బు ఎక్కువ; నల్ల వలయం చుట్టూ తెలుపు సన్నగా ఉండి ఏ కాస్త కదలికైనా పెద్దదిగా కనిపిస్తుంది, కదలిక ఆగేదాకా ఎదురుచూస్తారు, అది ఆగదు. కొత్తవాళ్లు 4 మి.మీ.కి పైన ఉన్న రింగ్‌తో మొదలుపెట్టడం మంచిది.

ఈ క్రమం ఎంత ముఖ్యమో అమెరికన్ రైఫిల్ షూటర్ మాథ్యూ ఎమన్స్‌ని చూస్తే తెలుస్తుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ 50 మీటర్ల మూడు పొజిషన్ల (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే) ఫైనల్లో ఆధిక్యంలో ఉండి, ఆఖరి గుండుని పక్క లేన్ టార్గెట్ మీద కాల్చాడు. సున్నా, ఎనిమిదో స్థానం. 2008 బీజింగ్‌లో అదే ఫైనల్, మళ్లీ ఆధిక్యం, ఆఖరి గుండుకి గురి కుదరకముందే వేలు ట్రిగ్గర్‌ని తాకింది. 4.4, నాలుగో స్థానం. ప్రపంచ స్థాయి శిక్షణలో లోటు ఏమీ లేని మనిషి. లేన్ నంబరు చూడటం, వేలు ఎప్పుడు ట్రిగ్గర్ మీదకి రావాలన్నది ఎవరూ బయటి నుంచి చేసిపెట్టలేరు. ఆ పని ఒంటరిగా, వేలసార్లు, విసుగొచ్చేదాకా చేయాల్సిందే.

స్కాట్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలు కోచ్‌కి బదులు అవుతాయా అని చాలామంది అడుగుతారు. బారెల్‌కి తగిలించిన సెన్సార్ గురి ఎలా కదిలిందో గీతగా చూపిస్తుంది. ట్రిగ్గర్ తెగే ముందు ఆఖరి సెకనులో గీత పక్కకి దూకితే తప్పు వేలిది అని అర్థమవుతుంది. ఒంటరి షూటర్‌కి ఇది చాలా విలువైన సమాచారం. కానీ అది బారెల్‌ని చూస్తుంది, మీ మెడని చూడదు. మెడ, నడుము కోసం ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి, ఒకసారి మీ వెనక నుంచి, ఒకసారి పక్క నుంచి, నడుము ఎత్తులో వీడియో తీయండి. కోచ్ సరిదిద్దిన రోజు తీసిన వీడియో ఒకటి దాచుకుంటే దానితో పోల్చుకోవచ్చు. అది లేకుండా తీసే వీడియోలో ఏది తప్పో మీకు తెలియదు. మళ్లీ అదే చిక్కు.

నోట్‌బుక్‌లో స్కోరు కంటే ముందు రాయాల్సినవి: బట్ ప్లేట్ ఎత్తు, చెంప పీస్ స్థానం, సైట్ క్లిక్కులు, రింగ్ సైజు, పెల్లెట్ బ్యాచ్ నంబరు, పాదాల మధ్య దూరం, ప్రతి గుండుకీ ముందే చెప్పిన చోటూ పడిన చోటూ. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే ఏది పని చేసిందో తెలియదు.

మళ్లీ కోచ్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? రెండు మూడు నెలలకోసారి ఎలాగూ వెళ్లాలి. అంతకుముందే వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. చెప్పిన చోటు ఒకటి, పడిన చోటు ఇంకొకటిగా వరుసగా రెండు వారాలు వస్తే. నడుములోనో మెడలోనో నొప్పి మర్నాటికీ ఉంటే. జాకెట్ మారినా, రైఫిల్ మారినా, ఎదిగే పిల్లల ఎత్తు మారినా. నీలింగ్ (మోకాలి మీద కూర్చుని కాల్చడం) కొత్తగా మొదలుపెడుతుంటే కూడా, ఎందుకంటే చీలమండ కింద పెట్టే రోల్ (దిండు) ఎత్తు, స్లింగ్ (చేతికి తగిలించే పట్టీ) బిగుతు మొదటిసారి ఒంటరిగా కుదుర్చుకుంటే కాలు తిమ్మిరెక్కడమే మిగులుతుంది. వెళ్లేటప్పుడు మీ అత్యుత్తమ టార్గెట్ తీసుకెళ్లకండి. ఇటీవలి పది గుండ్ల గ్రూపులు వరుసగా అయిదు, వాటి పక్కన మీరు ముందే చెప్పిన చోట్లు, నోట్‌బుక్ పట్టుకెళ్లి, మొదటి అరగంట ఖాళీ రైఫిల్‌తోనే చూడమని మీరే అడగండి.